ప్రేమయ్య బిగించిన ఇల్లు

ఎర్రగుంట్లలో లారీలు తిరిగే రోడ్డు మీద నాకొక హార్డ్‌వేర్ దుకాణం ఉంది. మేకులు, బోల్టులు, రంగులు, పైపులు అమ్ముతాను. పొద్దున దుకాణం తీయగానే చేసే మొదటి పని దుమ్ము దులపడం. మధ్యాహ్నం భోజనానికి లేచేముందు చేసే పని కూడా అదే. మా రోడ్డు దుమ్ము గురించి నన్ను కదిపితే పొద్దుగూకేదాకా తిడుతూనే ఉంటాను కాబట్టి ఇక్కడితో ఆపేస్తాను. నేను చెప్పదలచుకున్నది వడ్రంగి ప్రేమయ్య సంగతి.

ప్రేమయ్య ఇల్లు నా దుకాణం వెనక సందులో మూడోది. రెండు గదులు, వంటగది, పైన సిమెంటు మిద్దె. మనిషికి యాభై రెండేళ్లుంటాయి. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల ఇళ్లకు తలుపులూ కిటికీలూ చేస్తున్నాడు. అతని చేతి తలుపు వానాకాలంలో ఉబ్బి బిగుసుకుపోయిందని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు. ఎందుకంటే తలుపుకూ ద్వారబంధానికీ మధ్య సరిగ్గా ఒక రూపాయి బిళ్ల దూరేంత సందు వదులుతాడు. తండ్రి దగ్గర నేర్చుకున్న కొలత అది. తలుపు బిగించాక జేబులోంచి బిళ్ల తీసి, సందులో పైనుంచి కిందిదాకా జరుపుతాడు. ఎక్కడా ఆగకపోతే తలూపి, ఇంటివాళ్లను టీ అడుగుతాడు. ఆ సందులోంచి ఇంట్లోకి ఏమొస్తుందో ఆలోచించడం వడ్రంగి పని కాదని అతని నమ్మకం. నిజం చెప్పొద్దూ, ఆ సామాన్లు అమ్మే నాకూ ఆ ఆలోచన ఎప్పుడూ రాలేదు.

వాళ్లింట్లోకి వచ్చింది ఆయాసం. భార్య ఓబులమ్మకు ఆరేళ్ల కిందట పట్టుకుంది. కాస్త దుమ్ము తగిలిందంటే చాలు, గోడ పట్టుకుని కూర్చుండిపోతుంది. డాక్టరు పీల్చే మందు రాసిచ్చి, దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. మా రోడ్డు పక్కన దుమ్ముకు దూరంగా ఉండడమంటే ఊరొదిలి పోవడమే. అందుకని ఏటా ఉగాది వెళ్లగానే ఓబులమ్మ మదనపల్లెలో అక్క స్వర్ణలత ఇంటికి పోతుంది. మళ్లీ వానలు పడి మట్టి అణిగాకే రావడం. ఒక్కగానొక్క కూతురు శ్రావణి పెళ్లై కల్లూరులో కాపురం ఉంటోంది. అంచేత ఏడాదికి మూడు నెలలు ఆ ఇంట్లో ప్రేమయ్య ఒక్కడే.

ఆ మూడు నెలలూ ఆ మనిషిని చూడలేం. పనికి పోతాడు, ఇంత చిత్రాన్నం కలుపుకుని తింటాడు, సాయంత్రం నా దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని లారీలు లెక్కపెడతాడు. ఒకసారి ఊరుకోలేక, "ఏం ప్రేమయ్యా, బ్రహ్మచారి బతుకు హాయిగా ఉండాదా?" అన్నాను. అతను నవ్వలేదు. "ఇంటికి పోతే పలకరించే దిక్కు లేదన్నా. ఆమె ఉంటే తిట్టేదానికైనా ఒక మనిషి ఉంటాది" అన్నాడు. నా నోటిదురుసుకు నేనే సిగ్గుపడ్డాను. ఆ తర్వాత మళ్లీ ఆ పరాచికం ఆడలేదు.

పోయిన ఏడాది చివర్లో పత్తికొండలో టమోటాలకు ఎవరో కోల్డ్ స్టోరేజీ కడుతుంటే, లోపల చెక్క అరలు చేయడానికి ప్రేమయ్యను పిలిచారు. నెల రోజులు అక్కడే ఉన్నాడు. ఆ చల్లటి గదుల పని చూసేవాడు పరమేష్ అనే స్థానికుడు. తలుపు బిగించాక అతను దానికీ చట్రానికీ మధ్య ఒక కాగితం ముక్క పెట్టి మూసి, బయటినుంచి లాగేవాడు. కాగితం జారి వచ్చేస్తే తలుపు పనికిరానట్టే. విప్పి రబ్బరు సర్దాల్సిందే. ఆపైన ఊదుబత్తి వెలిగించి తలుపు అంచుల వెంట తిప్పేవాడు. పొగ నిటారుగా లేస్తే సరే. పక్కకు వంగితే అక్కడ గాలి దూరుతున్నట్టు లెక్క. రూపాయి బిళ్ల దూరేలా తలుపులు చేసే ప్రేమయ్యకు ఇదంతా చాదస్తంగా తోచింది.

"కాగితం గూడా కదలకూడదంటే ఎట్లప్పా? తలుపు మీద ఇంత పగేంది నీకు?" అని అడిగాడట.

"చల్లగాలి చేసేదానికి దుడ్లు పోస్తాండాం కదప్పా" అన్నాడట పరమేష్. "ఆ గాలి సందులో పోతే కరెంటు బిల్లు నువ్వు కడతావా? బయటి వేడి రాకూడదు, దుమ్ము రాకూడదు. టమోటా శానా నాజూకు."

పని ముగించుకుని ఊరికొచ్చిన ప్రేమయ్య ఇంటికి కూడా పోకుండా నా దుకాణంలోకి వచ్చాడు. భుజాన సంచి అలాగే ఉంది.

"రామకిష్టన్నా, ఆడ టమోటాకు దుమ్ము తగలకుండా గది కట్టినారు. సంతలో పారబోసే టమోటాకు అంత మర్యాదన్నా! నా పెండ్లానికేమో నా చేత్తోనే ఇంటి నిండా సందులు చేసి పెడ్తిని" అన్నాడు. "రబ్బరు పట్టీ ఎన్ని మీటర్లు కావల్ల?" అని అడిగాను.

ఈసారి ఓబులమ్మ మదనపల్లె పోకూడదు, ఉగాది లోపల ఇల్లు బిగించాలి. అదే అతని పంతం. సాయంత్రం పని నుంచి రావడం, ఇంటి మీద పడడం. తలుపుల అంచులకు రబ్బరు అతికించాడు. తలుపు కింది సందుకు బ్రష్షులాంటి కుచ్చు కట్టాడు. ద్వారబంధానికీ గోడకూ మధ్య పగుళ్లు కనపడితే ట్యూబుల్లో వచ్చే సిలికాన్ జిగురు నింపాడు. కరెంటు వైర్లు దూరే కన్నాలు, పైపులు దూరే కన్నాలు కూడా వదల్లేదు. కిటికీల పైన గాలి కోసం ఉన్న వెంటిలేటర్లకు అద్దాలు బిగించి మూసేశాడు. రబ్బరు కొనడానికి వచ్చినప్పుడల్లా ఒక్కో పట్టీని నొక్కి, సాగదీసి, వాసన చూసి, ఇంకొకటి చూపించమనేవాడు. పెళ్లి పట్టుచీర కొనేవాళ్లు కూడా అంతసేపు బేరమాడరు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

అన్నీ అయ్యాక ఊదుబత్తి పట్టుకుని గదుల్లో గోడ వెంట తిరగడం మొదలుపెట్టాడు. ఆ సమయానికి నేను అక్కడే ఉన్నాను. ఓబులమ్మ చేటలో బియ్యం పోసుకుని ఏరుతూ చూసింది.

"ఏమయ్యా, దేవుని పటాలు ఆ గోడకుంటే నువ్వు ఈ గోడకు పూజ చేస్తాండావేంది?"

"పూజ కాదు మే. పొగ యాడ వంగుతాదో చూస్తాండా."

"వంగితే?"

"ఆడ సిలికాన్ పెడతా."

"ముందు నీ బుర్రకు పెట్టు" అంది ఓబులమ్మ. అన్నదే గానీ, చేట పక్కన పెట్టి, లేచి తనూ ఊదుబత్తి ఒకటి వెలిగించి రెండో గదిలో తిరిగింది. పొగ ఎక్కడా వంగలేదు. ఇద్దరి మొహాలూ వెలిగిపోయాయి. నేను కూడా సంబరపడ్డాను. ముగ్గురం కలిసి చేసిన తప్పు మాత్రం ముగ్గురికీ తట్టలేదు.

అది ఉగాది రోజు బయటపడింది. పొద్దున్నే ఓబులమ్మ పోలేలు, అంటే బొబ్బట్లు చేసి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరడానికి పిడికెడు ఎండుమిరపకాయలు బాణలిలో వేసింది. ఊరిబిండి లేకుండా ఆ ఇంట్లో పండగ జరగదు. మిరపకాయలు వేగుతున్నప్పుడు ఆ ఘాటు ఎలా ఉంటుందో మన ఇళ్లలో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఇన్నాళ్లూ అది వెంటిలేటర్లోంచో తలుపు సందులోంచో పోయేది. ఇప్పుడు పోవడానికి దారి లేదు, కిటికీలు కూడా బిగించేసి ఉన్నాయి. రెండు నిమిషాల్లో ఇల్లంతా కమ్ముకుంది. ప్రేమయ్య కళ్లు నలుపుకుంటూ వంటగదిలోకి వచ్చేసరికి ఓబులమ్మ గోడకు చేరబడి ఊపిరి కోసం కొట్టుకుంటోంది. పొయ్యి ఆర్పి, ఆమెను ఎత్తుకుని తలుపు దాకా వస్తే, ఆ తలుపు అంత సులువుగా తెరుచుకోలేదు. కాలితో తన్ని తెరిచాడు.

కేకలు విని నేను పరుగెత్తాను. వీధి అరుగు మీద కూర్చోబెట్టి మందు పీల్పించాం. పావుగంటకు ఓబులమ్మ మనిషైంది. కళ్లు తుడుచుకుని మొగుణ్ణి తేరిపారా చూసింది.

"దుమ్ముతో అయితే మెల్లగా చస్తా. నీ బిగువుతో ఒక్క పూటకే పోయేదాన్ని" అని లేచి లోపలికి పోయి, బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టింది.

ప్రేమయ్య నా దుకాణంలోకి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. నాకు అతని మీద కోపం, నా మీద అంతకంటే కోపం. గ్యాసు పొయ్యి వెలిగే ఇంటికి గాలి పోయే కన్నం ఒక్కటీ లేకుండా మూస్తుంటే, పక్కన నిలబడి ట్యూబు మీద ట్యూబు అమ్మింది నేనే. ఫోను తీసి అతని చేతిలో పెట్టి, "ఆ పత్తికొండ పెద్దమనిషిని అడుగు" అన్నాను.

పరమేష్ అంతా విని తిట్టాడు. పండగ పూట వినాల్సిన తిట్లు కావు.

"సగం చూసి పోతివి కదప్పా! టమోటా గూడా ఊపిరి పీలుస్తాది. ఆ గదికి రోజూ ఇంతసేపని కొత్తగాలి పంపుతాం. లోపలికొచ్చే గాలికి ఒక దోవ, పోయేదానికి ఒక దోవ మనమే పెట్టల్ల. నీకు తెలీకుండా దూరే సందులు మూయల్ల గానీ, దోవలే మూసేస్తే ఎట్ల?"

"దోవ పెడితే దుమ్ము రాదా?"

"వచ్చే దోవకు ఫ్యాను పెట్టి, ముందర వడపోత గుడ్డ పెట్టు. ఆ ఫ్యాను లోపలికి తోస్తా ఉంటే ఇంట్లో గాలి కొంచెం ఎక్కువైతాది. అప్పుడు యాడన్నా సందు మిగిలినా గాలి బయటికే పోతాది గాని దుమ్ము లోపలికి రాదు. వంటగదికి మాత్రం వేరే దోవ. పొయ్యి మీద ఫ్యాను పెట్టి పొగను సీదా బయటికి తరుము. వండేటప్పుడు కిటికీ తెరిచి, హాలు తలుపు మూయమను. అర్థమైందా?"

అర్థమైంది. ప్రేమయ్య వెళ్లి ఓబులమ్మను నాలుగు రోజులు గడువు అడిగాడు. బతిమాలాడు, గడ్డం పట్టుకున్నాడు. సరేనంది కానీ సర్దిన బట్టల సంచి మాత్రం విప్పలేదు.

ఆ నాలుగు రోజులూ అతను పనికి పోలేదు. ఉత్తరపు గోడకు కన్నం కొట్టి, దానికి టేకుతో పెట్టె చేశాడు. అందులో చిన్న ఫ్యాను, దానికి ముందు మూడు వరసల వడపోత గుడ్డలు. సొరుగు లాగినట్టు లాగితే గుడ్డలు చేతికొస్తాయి, ఉతికి మళ్లీ తోసేయొచ్చు. కరెంటు పోయి ఫ్యాను ఆగితే పెట్టెకు అడ్డంగా తోయడానికి ఒక చెక్క పలక కూడా ఉంది. ముప్పై ఏళ్లలో అతను చేసిన పనుల్లో అంత ముద్దొచ్చే పని నేను చూడలేదు. వంటగదిలో పొయ్యి పైన పొగను బయటికి తోసే ఫ్యాను పెట్టాడు. అది ఆగితే దాని రెప్ప తనంతట తానే మూసుకుంటుంది. కిటికీ మళ్లీ ఎప్పటిలా తెరుచుకుంటుంది. వంటగదికీ హాలుకూ మధ్య కొత్త తలుపు. పనిలో పనిగా మిద్దె మీద తెల్లసున్నం రెండు పూతలు పూశాడు. ఎండ దాని మీద పడి తిరిగి పోతే, పొద్దుగూకాక పైకప్పు సెగ కక్కదని పరమేష్ చెప్పాడట.

అయిదో రోజు ఓబులమ్మ నన్ను కూడా పిలిపించి ఇద్దరినీ హాలులో కూర్చోబెట్టింది. వంటగది తలుపేసుకుని బాణలి పెట్టింది. ఈసారి పిడికెడు కాదు, దోసెడు మిరపకాయలు. ప్రేమయ్య దోషిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పది నిమిషాలు గడిచినా నాకు ఒక్క తుమ్ము రాలేదు. ఓబులమ్మ తలుపు తీసుకుని వచ్చి, మా ఇద్దరి మొహాలూ చూసి, నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇది సరే. గాలిదుమ్ము వచ్చేదాకా ఉంటా. మొదటి గాలిదుమ్ముకు నాకు ఆయాసం వచ్చిందా, ఆ రోజే బస్సెక్కుతా. ఇంక ఎప్పుడూ నన్ను ఉండమని అడగొద్దు."

ప్రేమయ్య ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు?

ఆ తర్వాతి రోజులు ఆ ఇంట్లో పండగే. ఆరేళ్ల తర్వాత ప్రేమయ్య ఎండాకాలంలో వేడి వేడి రాగి సంగటి తిన్నాడు. సాయంత్రాలు నా స్టూలు ఖాళీ. కనపడితే చాలు పెట్టె గురించి, గుడ్డల గురించి, మధ్యాహ్నం మిద్దె మీద చెప్పుల్లేకుండా నిలబడగలుగుతున్న సంగతి గురించి చెప్పి నా బుర్ర తినేవాడు. ఓబులమ్మ రోజూ టీవీ మీద వేలు రాసి చూసుకునేది. వేలికి ఏమీ అంటకపోయినా, "ఈ మాత్రానికే మురిసిపోవద్దు, గాలిదుమ్ము రానీ" అనేది. వారానికోసారి వడపోత గుడ్డలు ఉతికితే ఎర్రటి నీళ్లు కారేవి. ఆ నీళ్లు చూసి ఓబులమ్మ, ఇన్నేళ్లూ అదంతా తన రొమ్ములోకే పోయింది కదా అనుకుందట.

మే నెల రెండో వారంలో ఒక మధ్యాహ్నం ప్రేమయ్య తలుపు బందులు కొనడానికి నా దుకాణానికి వచ్చాడు. మాట్లాడుతుండగానే పడమటి ఆకాశం ఎర్రబడింది. రోడ్డు మీది కాగితాలు పైకి లేచాయి. మరుక్షణం కరెంటు పోయింది. ఆగిపోయిన సీలింగు ఫ్యాను వైపు చూశాడు ప్రేమయ్య.

"అన్నా, పెట్టె! ఫ్యాను ఆగింటాది. పలక తొయ్యకపోతే ఆ కన్నంలోంచే వస్తాది దుమ్మంతా."

ఫోను చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఎత్తలేదు. తువ్వాలు మొహానికి చుట్టుకుని పరుగెత్తాడు. దుకాణం షట్టరు దించి నేనూ వెనకే పరుగెత్తాను. అప్పటికి సందు కనపడడం లేదు. ఇసుక మొహానికి కొట్టుకుంటోంది. తడుముకుంటూ వాళ్ల వాకిలి చేరి, నేను గొళ్లెం మీద చెయ్యి వేశాను. ప్రేమయ్య నా చెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

"తెరవొద్దన్నా! తెరిస్తే ఇదంతా లోపలికి పోతాది!"

నిజమే. తలుపు తీయకూడదు. తీయకపోతే లోపల మనిషి ఎలా ఉందో తెలియదు. తలుపుకు చెవి ఆనించాడు. చీమ చిటుక్కుమన్నా వినపడనంత బిగువుగా చేశాడు కదా, దగ్గు వినపడలేదు, పిలుపు వినపడలేదు. "ఓబులా!" అని అరిచాడు. ఆ అరుపు ఆ గాలిలో నాకే సరిగా వినపడలేదు. ముప్పై ఏళ్ల చేతిపని ముందు అతను అలా చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

చివరికి గోడ పట్టుకుని కిటికీ దగ్గరికి పోయి, తువ్వాలు విప్పి అద్దం తుడిచాడు. తుడిచిన మేర మళ్లీ దుమ్ము పడుతోంది, మళ్లీ తుడిచాడు. లోపల ఓబులమ్మ నేల మీద చింతపండు ముందేసుకుని, కాళ్లు చాపుకుని గింజలు తీస్తోంది. గోడకున్న పెట్టెకు పలక అడ్డంగా తోసి ఉంది; ఫోను మోగినప్పుడు ఆమె ఆ పనిలోనే ఉందని తర్వాత తెలిసింది. అద్దం మీద ఎర్రటి మొహం చూసి ముందు జడుసుకుంది. గుర్తుపట్టాక నోరు తెరిచి నవ్వింది. ప్రేమయ్య రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని సైగ చేశాడు, ఆయాసం వస్తోందా అని. ఆమె అడ్డంగా తలూపింది. ఆపైన, అటు పోయి ఎక్కడన్నా దాక్కో అన్నట్టు చెయ్యి విసిరింది.

అతను పోలేదు. నేనెంత గుంజినా కదల్లేదు. అరగంటసేపు ఆ గాలిదుమ్ములో, ఆ కిటికీ ముందు, అద్దం తుడుచుకుంటూ పెండ్లాం చింతపండు గింజలు తీయడం చూస్తూ నిలబడ్డాడు. తువ్వాలు అద్దానికే సరిపోయింది, మొహానికి లేదు. అతను ఏడుస్తున్నాడని నాకు చెంపల మీది చారలు చూస్తే తెలిసింది. నేను కూడా కళ్లు తుడుచుకున్నాను, దుమ్ము పడిందని చెప్పుకున్నాను.

గాలి తగ్గాక తలుపు తెరుచుకుంది. ఓబులమ్మ ఊపిరి నిమ్మళంగా ఉంది. గడప అవతలే నిలబడి మొగుణ్ణి ఎగాదిగా చూసింది.

"ఆ బట్టలతో గడప దాటితే ఊరుకోను. ఆడనే నిలబడు" అని, బిందెతో నీళ్లు తెచ్చి, చెంబుతో అతని తల మీద పోసింది. మింగిన దుమ్ముకు తోడు ఆ చల్లటి నీళ్లకు ప్రేమయ్య దగ్గడం మొదలుపెట్టి, సాయంత్రం దాకా ఆపలేదు.

దీపాలు పెట్టే వేళకు నేను మిరియాల కషాయం తీసుకుని వెళ్లాను. లోపల మంచం మీద ప్రేమయ్య దుప్పటి కప్పుకుని దగ్గుతున్నాడు. ఓబులమ్మ ఫోనులో మాట్లాడుతోంది. మదనపల్లె నుంచి అక్క, టీవీలో గాలిదుమ్ము సంగతి చూసి, ఏ బస్సుకు వస్తున్నావని అడుగుతున్నట్టుంది.

"ఈ ఏడు రాను లేక్కా" అంది ఓబులమ్మ. "మీ మరిదికి దుమ్ము పడక దగ్గు పట్టుకుండాది. ఈయప్పను వదిలిపెట్టి యాడికొచ్చేది?"